అట్ట లేని పుస్తకం

మహాదేవి మొదట అబద్ధం ఆడల్యాదు. ఈ మాట ముందే చెప్పి పెడ్తాండాను, ఎందుకంటే తర్వాత ఆదోనిలో ఆయమ్మను నోటికొచ్చినట్టు అన్నోళ్ళు శానామంది. అడిగినోళ్ళు ఒకటి అడిగినారు, ఆమెకు ఇంకొకటి అర్థమయింది. అంతవరకూ ఆమె తప్పేం లేదు. ఆ పైన జరిగిందానికి మాత్రం నేను ఆమెను వెనకేసుకొని రాను.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని ఆమెది. మిషను నోట్లోకి పోకముందే పత్తిలో ఆకుతుంటలు, పుల్లలు, మచ్చపడిన పత్తి ఏరి పారెయ్యాల. ఇరవై ఏండ్లుగా అదే పని. నలభై ఎనిమిదేండ్ల మనిషి. మొగుడు తిమ్మన్న అదే మిల్లులో హమాలీ. ఒక్క కూతురు దివ్యను నందవరంలో ఇచ్చినారు. మహాదేవి నోరు మాత్రం మంచిది కాదు. మేస్త్రీ అంతటోడు కూడా ఆమెతో మాట్లాడాలంటే రెండడుగులు దూరంగా నిలబడేవాడు. అట్లని చెడ్డమనిషి కాదు. వాడలో ఎవురింట్లో కాన్పయినా, చావయినా మొదట పోయి నిలబడేది ఆమే.

ఒక్కటే వింత. పుస్తకం ముట్టుకునేది కాదు. చదువు రాక కాదు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు. బస్టాండులో బోర్డు దూరం నుంచే చదివి "అది ఎమ్మిగనూరు బండి, మనది కాదు, కూచో" అనేది. కానీ దివ్య చిన్నప్పుడు మార్కుల కార్డు తెచ్చి సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసేది. "రాసేకి వస్తుంది గదమ్మా నీకు" అని పిల్ల మొత్తుకుంటే "నీ పని నువ్వు సూసుకో" అని కసిరేది. వచ్చిన అక్షరాలు లోపల పెట్టుకొని వేలిముద్ర వేసే మనిషిని నేను ఈమెనే చూసినాను.

ఇంక సులోచనమ్మ సంగతి. పత్తి వ్యాపారం చేసే గోపాలయ్య భార్య. అమావాస్య వచ్చిందంటే గోపాలయ్య అంగడి ముందర గుమ్మడికాయ కొట్టి, పూజ చేసి, ఆ పొద్దు కొత్త బేరం ముట్టుకోడు. మిల్లు కూడా బందే. ఇంటికి వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఉండరు. ఆ ఒక్క సాయంత్రం సులోచనమ్మది. మేడమీద గది నిండా పుస్తకాలు పెట్టుకునింది. "ఇవన్నీ చదివి ఏం పరీక్ష రాస్తావే?" అని గోపాలయ్య ఎగతాళి చేస్తే "నీతో కాపురం చేసేదే పరీక్ష, అదే రాస్తాండా ముప్పై ఏండ్లుగా" అనేది.

ఆ గదికి సాయిసుధ వచ్చేది. ఎమ్మిగనూరు పిల్ల, ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు, రోజూ బస్సులో వచ్చి పోతుంది. అమావాస్య నాడు బడి వదిలినాంక నేరుగా మేడెక్కేది. ఎక్కుతా ఎక్కుతానే అడిగేది, "ఏం నడుస్తాందక్కా?" అని. అంటే, ఇప్పుడు ఏ పుస్తకం చదువుతాండావు అని. సులోచనమ్మ తనది చెప్పేది, సాయిసుధ తనది చెప్పేది. మజ్జిగ తాగుతా ఆరు గంటల బస్సు దాకా అదే ముచ్చట. ఒకే ఒక కట్టుబాటు. కడ చెప్పకూడదు. ఒకసారి సాయిసుధ నోరు జారి, సులోచనమ్మ సగంలో ఉన్న పుస్తకం చివరికి ఏమవుతుందో చెప్పేసింది. దానికి సులోచనమ్మ రెండు అమావాస్యలు మాట్లాడల్యాదు. అప్పటి నుంచి ఎంత చెప్పినా కడ మాత్రం మింగాల్సిందే.

మొన్న పుష్యమాసంలో సులోచనమ్మ లక్షవత్తుల నోము పట్టింది. లక్ష వత్తులంటే మాటలా? మంచి పత్తి ఏరి, విడదీసి, వత్తులు చేసి పెట్టేకి మహాదేవిని పిలిపించింది. అమావాస్య, మిల్లు బందు, కాబట్టి మహాదేవి వచ్చి మేడమీద గోడకు ఆనుకొని కూర్చొని వత్తులు చేస్తాంది. నోట్లో మాట లేదు. ఎందుకు లేదంటే, ముందు రోజు మిల్లులో పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చిన పత్తి బస్తా ఒకటి ఆమె ముందర పడింది. దాని మీద బొగ్గుతో పెద్దగా ఒకే అక్షరం రాసుంది. 'క్ష'. ఎవురో రైతు గుర్తుకు రాసుకునుంటాడు, లేదా పిల్లోళ్ళు గీకింటారు. మహాదేవి మాత్రం దాన్ని చూసినప్పటి నుంచి అన్నం ముట్టల్యాదు.

సాయిసుధ మేడెక్కింది. చూస్తే కొత్త మనిషి. పలకరించకుండా ఉంటే బాగుండదని నవ్వి, "మీకేం నడుస్తాందక్కా?" అనింది.

మహాదేవికి ఈ పుస్తకాల బాస ఏం తెలుసు? మనసులో ఏం నడుస్తాంది, అట్లున్నావే అని అడుగుతాందనుకునింది. ముప్పై నాలుగేండ్లలో ఆమెను ఆ మాట ఎవురూ అడగల్యాదు. చేతిలో వత్తి ఆగిపోయింది.

"ఒగ పిల్ల కత నడుస్తాంది పాపా. లక్ష్మి అని. పత్తి ఇడిపించేకి పోయే పిల్ల" అనింది.

"అబ్బ, మన పక్క కతేనా! చెప్పక్కా, చెప్పు" అని సాయిసుధ కింద కూచునింది. సులోచనమ్మ కళ్ళద్దాలు తీసి "నువ్వు సదువుతావా మాదేవీ? ఇన్నాళ్ళూ చెప్పనే లేదే?" అని ఆశ్చర్యపోయింది.

అప్పుడు తెలిసింది మహాదేవికి వాళ్ళు ఏమనుకుంటున్నారో. కాదమ్మా, అది పుస్తకం కాదు అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనల్యాదు. వాళ్ళిద్దరూ ఆమె మొగం వైపు అట్ల చూస్తాంటే, ఆ పిల్ల సంగతి వినేకి ఇద్దరు మనుషులు చెవులిచ్చి కూచోనుంటే, ఆమెకు నోరు ఆగల్యాదు. చెప్పింది. లక్ష్మికి పద్నాలుగేండ్లు. రాత్రిబడికి పోతాది. అన్ని అక్షరాలూ వచ్చినాయి గానీ తన పేరులో ఉన్న 'క్ష' మాత్రం తిరగల్యాదు. అందరూ "లచ్చిమి అని రాసుకో పోయే, ఏమైతాది" అంటే, "నేను లచ్చిమిని కాదు, లక్ష్మిని" అని మొండికేసింది. బొగ్గు దొరికితే గోడ మీద క్ష. సున్నం దొరికితే తలుపు మీద క్ష. మూటల మీద, బండల మీద, మోచేతి మీద, యాడ చూసినా క్ష.

సాయిసుధ పడీపడీ నవ్వింది. "పుస్తకం పేరేంటక్కా? నేనూ తెచ్చుకుంటా" అనింది.

"అట్ట ల్యాదు పాపా. చినిగిపోయింది" అనింది మహాదేవి. ఇదీ మొదటి అబద్ధం. ఒక అబద్ధం పుట్టిందంటే దాని తోబుట్టువులు వెనకాలే వస్తాయి. ఎవురు రాసినారు? తెలీదు, ముందర పుటలు ల్యావు. యాడ దొరికింది? మిల్లులో, పాత కాగితాల్లో. కడ ఏమైతుంది? "కడ సెప్పగూడదంట గదా మీకాడ" అని మహాదేవి తిప్పికొట్టింది. సులోచనమ్మ మెచ్చుకొని "చూడు, ఈమెకు పద్ధతి తెలుసు!" అనింది.

ఆ కడ ఏందో మీకు ఇప్పుడే చెప్తాను. మనకేం కట్టుబాటు లేదు.

పెద్దకడుబూరు దగ్గర పల్లెలో మహాదేవి, లక్ష్మి ఇల్లిల్లూ ఆనుకొని పుట్టినోళ్ళు. ఒకే సాలులో పత్తి విడిపించేవాళ్ళు, ఒకే గిన్నెలో తినేవాళ్ళు. రాత్రిబడి వచ్చినాంక ఇద్దరూ పలక పట్టినారు. మహాదేవికి అక్షరాలు వచ్చినాయి, సరే అనుకునింది. లక్ష్మికి మాత్రం పిచ్చి పట్టింది. చేనికాడ కూడా వాచకం నడుములో దోపుకొని వచ్చేది, గట్టు నీడన కూచొని చదివేది. మహాదేవి ఏదన్నా చెప్తే "ఉండే, ఈ పుట అయిపోనీ" అనేది. ఆ పుట ఎప్పుడూ అయిపోయేది కాదు. పద్నాలుగేండ్ల పిల్లకు ఇంతకంటే పెద్ద కష్టం ఏముంటుంది చెప్పండి? స్నేహితురాల్ని ఎవుడో పిల్లోడు తీసకపోతే తిట్టుకోవచ్చు. పుస్తకం తీసకపోతే ఎవుర్ని తిడతావు?

ఒకరోజు మధ్యాహ్నం లక్ష్మి నీళ్ళు తాగేకి పోయినప్పుడు మహాదేవి ఆ వాచకం తీసి, చేనిపక్క బావిలో దిగి, నాలుగు మెట్ల కింద పావురాలుండే గూట్లో పెట్టి వచ్చింది. ఆ బావి మెట్లు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఉత్త రాళ్ళు. లక్ష్మి వచ్చి వెతికింది, ఏడుపు మొగం పెట్టింది. "నీ పుస్తకం పావురాలు సదువుతాండాయి, పో" అనింది మహాదేవి. లక్ష్మి పోయింది. మూడో మెట్టు కదిలింది. అంతే.

మర్నాడు పొద్దున శవం తీసినారు. ఊరు ఏమనింది? దుంకింది అనింది. పద్నాలుగేండ్ల పిల్ల ఊరికే ఎందుకు దుంకుతాది, కాబట్టి కారణం కావాల. రాత్రిబడి అయ్యవారు పెండ్లి కానోడు. ఇంకేం, కారణం దొరికె. కుండ మూతికి మూకుడు ఉంది గానీ ఊరి మూతికి యాడుంది? అయ్యవారు రాత్రికి రాత్రి ఊరిడిచినాడు. లక్ష్మి చెల్లెల్ని చేసుకుంటామన్నోళ్ళు ముందుకు రాల్యాదు. రెండేండ్లకు వాళ్ళమ్మ భీమమ్మ మొగుణ్ణి, చిన్నబిడ్డను తీసుకొని ఊరొదిలి ఎటో పోయింది.

మహాదేవి నోరు తెరవల్యాదు. మొదటి రోజు భయం. రెండో రోజు పోలీసులు. మూడో రోజు నుంచి ఆలస్యం. ఆ ఆలస్యమే ముప్పై నాలుగేండ్లు పెరిగింది.

అట్లాంటి మనిషి ఇప్పుడు ప్రతి అమావాస్యకూ మేడెక్కి, అదేదో పుస్తకం అన్నట్టు లక్ష్మి కత చెప్తాంది. మాఘం అయింది, ఫాల్గుణం అయింది, ఉగాది పోయింది. నోము వత్తులు ఎప్పుడో అయిపోయినా సులోచనమ్మ కబురు పెడ్తానే ఉంది. మహాదేవి వద్దనుకుంటానే పోతాంది. ఎందుకు పోతాంటివి అని నేను తర్వాత ఒకసారి అడిగినాను. "ఆడ కూచొని సెప్తాన్నంతసేపు అది బతికుంటాది గదా" అనింది.

కానీ ఫాల్గుణం నుంచి ఆమెకు భయం పట్టుకునింది. తాను చూసింది, తాను విన్నది చెప్తే ఒక రకం. మధ్యలో తనకు తెలీని మాటలు నోట్లోంచి వస్తాండాయి. లక్ష్మికి పావురాలంటే భయమని చెప్పింది. అది ఆమెకు తెలీదు, లక్ష్మి ఎప్పుడూ చెప్పల్యాదు. తెలుసుంటే ఆ గూట్లో పెట్టేదా? రాత్రిబడిలో లక్ష్మి ఎవురికీ చూపించకుండా కాగితం మీద ఏం రాసుకునేదో చెప్పింది. అదీ తెలీదు. చెప్తాన్నప్పుడు ఎవురో వెనకాల కూచొని జడ అల్లుతా చెవిలో అందిస్తాన్నట్టు ఉండేది. తిరిగి చూస్తే సులోచనమ్మ బీరువా.

మిల్లులో పత్తి ఏరుతాంటే తెల్లటి కుప్పలో ఎండిన ఆకుతుంటలు క్ష అక్షరం మాదిరి పడేవి. ఏరి పారేస్తే మళ్ళీ పడేవి. తిమ్మన్నకు చెప్పలేదు. చెప్పినా ఆయన మాంత్రికుని దగ్గరకు పోదామనేవాడు, అంతకంటే ఏం చెయ్యగలడు పాపం.

వైశాఖ అమావాస్య నాడు కత ఆఖరి రోజు దాకా వచ్చింది. మహాదేవి ఆ రోజు కతను తెల్లారినప్పటి నుంచి మొదలుపెట్టింది. "ఆ పొద్దు లక్ష్మి పొయ్యికాడ పుస్తకం పట్టుకొని కూచునింది. సంగటి అడుగంటింది. వాళ్ళమ్మ తెడ్డు తీసుకొని ఈపు మీద రెండు ఏట్లు ఏసింది. 'సచ్చిపో యాడన్నా, నీ సదువు తగలెయ్య' అనింది..."

అక్కడ ఆగిపోయింది. ఇది కూడా తనకు తెలిసింది కాదు. ఆ రోజు ఇద్దరూ అలిగి ఉన్నారు, చేనికాడ బావి మాట తప్ప వేరే మాటే జరగల్యాదు. "తలనొప్పి లేస్తాందక్కా" అని చెప్పి మెట్లు దిగిపోయింది. వెనక సాయిసుధ "ఇంక ఎంతుందక్కా పుస్తకం?" అని అడుగుతాంటే పలకల్యాదు.

పుస్తకాలు చెప్పుకునే వాళ్ళకు ఒక జబ్బుంది. ఒకచోట విన్నది ఇంకొకచోట చెప్పకపోతే నిద్రపట్టదు. సాయిసుధ ఎమ్మిగనూరులో ఇంటికి పోయి, గడప మీద కూచొని, వాళ్ళమ్మకు ప్రతి అమావాస్య మర్నాడు మహాదేవి పుస్తకం ఎంతవరకు వచ్చిందో చెప్పేది. పక్కింటి పంచలో ఒక ముసలామె నేతగాళ్ళకు కండెలు చుడతా ఉండేది. రాట్నం తిప్పుతా వినేది. క్ష రాసే పిల్ల సంగతి వచ్చినప్పుడు ఒకసారి రాట్నం ఆగి మళ్ళీ తిరిగింది, ఎవురూ పట్టించుకోల్యాదు. తెడ్డు సంగతి చెప్పిన రోజు ఆగిన రాట్నం ఆగినట్టే ఉంది. ముసలామె లేచొచ్చి సాయిసుధ చెయ్యి పట్టుకునింది.

ఇది జరిగిన నాలుగు వారాలకు సాయిసుధ మిల్లు గేటుకాడికి వచ్చి మహాదేవిని పిలిపించింది.

"అక్కా, మీ పుస్తకం మా పక్కింటి అవ్వకు కావాలంట. నన్ను చంపుకు తింటాంది. చదివేకి కూడా రాదు ఆమెకు. రేపు అమావాస్యకు ఆమెనే తీసుకొస్తా. ఉత్త కడ చెప్తే చాలంట."

"యా అవ్వ?"

"భీమవ్వ."

మహాదేవి చెంగుకు అంటిన పత్తి దులుపుకునింది. "పుస్తకం పోయింది పాపా. ఎలకలు కొట్టేసినాయి" అనింది.

"పోతే పోనీలే అక్కా. మీకు తెలుసు గదా" అని సాయిసుధ బస్సుకు ఉరికింది.

మర్నాడు మట్టెద్దుల అమావాస్య. వాడలో అందరూ మట్టితో ఎద్దులు చేసి పూజ చేసుకుంటారు. మహాదేవి ముందే తీర్మానించుకునింది, పూజ కాగానే నందవరం బస్సెక్కి కూతురింటికి పోవాల, ఒక నెల రాకూడదు. సాయిసుధకు చెప్పుకునేకి వేరే పుస్తకాలు ల్యావా? తిమ్మన్న తెచ్చిన మట్టి తడిపి పిసుకుతా కూచునింది. తడిమట్టి వాసన బావి వాసన మాదిరే కొడుతాంది. ఎద్దు మూపురం వత్తి, కాళ్ళు వత్తి, పక్కన పెట్టి చూసుకుంటే ఎద్దు పక్కమీద వేలితో గీసిన అదే అక్షరం. గీసింది ఎవురు? ఇంట్లో వేరే ఎవురూ లేరు. మట్టి అంటిన వేలు ఆమెదే. సద్దుకున్న సంచి మూల పడేసి, నీళ్ళు పోసుకొని, సులోచనమ్మ ఇంటి దోవ పట్టింది.

భయంతోనే పోయింది, మంచితనంతో కాదు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాల గదా.

మేడమీద భీమమ్మ కుర్చీ వద్దని నేలమీద కూచోనుంది. ఎండిపోయిన మనిషి. కండెలు చుట్టీ చుట్టీ కుడిచెయ్యి వేళ్ళు వంకర తిరిగినాయి. మహాదేవి గడపలో నిలబడింది. ముసలామె ఆనవాలు పట్టల్యాదు. పద్నాలుగేండ్ల పిల్ల యాడ, ఈ నెరిసిన తల యాడ.

"నువ్వేనా మ్మే ఆ పుస్తకం సదివేది?" అనింది భీమమ్మ. "దాన్ని రాసినోళ్ళెవురో కనుక్కోవాల నేను. ఆ పొద్దు పొయ్యికాడ మేమిద్దరమే ఉండేది. తెడ్డుతో కొట్టింది దానికి తెలుసు, నాకు తెలుసు, ఆ దేముడికి తెలుసు. సచ్చిపో అంటి. నేనన్యానని అది పోయి దుంకె. మొగునికి గూడా సెప్పల్యా నేను. ముప్పై నాలుగేండ్లు కడుపులో పెట్టుకొని ఏగినా. ఇప్పుడది పుస్తకంలోకి యట్ల పోయింది?"

సులోచనమ్మ చేతిలో మజ్జిగ గ్లాసు అట్లనే ఉంది. సాయిసుధ నోరు తెరుచుకొని చూస్తాంది. వాళ్ళకు అప్పటికి ఏం అర్థమయిందో తెలీదు.

మహాదేవి కూలబడింది. "పెద్దమ్మా" అనింది.

ఆ పిలుపుకు ముసలామె తల ఎత్తి చూసింది. చూసి చూసి, "మాదేవివా?" అనింది.

"పుస్తకం ల్యాదు పెద్దమ్మా. యా పుస్తకమూ ల్యాదు. లక్ష్మి దుంకల్యా. కాలు జారింది. దాని వాచకం నేను బావిలో పావురాల గూట్లో దాసిపెట్టింటి. దానికోసరం దిగింది. రాయి కదిలింది. నువ్వు కొట్టినందుకు కాదు. అయ్యవారు, గియ్యవారు ఎవురూ ల్యారు. నా అలక, అంతే. నేను సంపినా దాన్ని."

భీమమ్మ ముందుకు వంగింది. "దుంకల్యాదా?" అనింది.

"ల్యా."

"ఇంగోసారి సెప్పు."

మహాదేవి చెప్పింది. వాచకం, గూడు, మెట్టు. ముసలామె మధ్యలో ఆపి "దుంకల్యాదు గదా?" అనింది. "దుంకల్యా పెద్దమ్మా." "ఇంగోసారి సెప్పు." నాలుగుసార్లు చెప్పించుకునింది. నాలుగోసారికి ఆమె కంట్లో నీళ్ళు కారతాండాయి, కానీ మొగం మాత్రం ఏడ్చే మొగం కాదు. బరువు దించుకున్న మనిషి మొగం అది.

"నా మీద కోపంతో పోయిందనుకుంటి" అనింది. "ఇన్నేండ్లూ దానికి దినం పెట్టేకి గూడా మనసు రాల్యా నాకు. దానికి నేను పెట్టిన కూడు ఇష్టముంటాదో ఉండదో అని."

మహాదేవి ఆమె కాళ్ళు పట్టుకోబోయింది. భీమమ్మ కాళ్ళు వెనక్కు తీసుకునింది.

"ముట్టొద్దు. పుస్తకం దాసినందుకు గాదు. అది పిల్లసేష్ట. ఊరంతా నా బిడ్డను లంజ అనినప్పుడు నువ్వు యాడుంటివి? మా ఇంటి పక్కనే ఉంటివి. నా సిన్నబిడ్డకు ముప్పై దాటినాంక పెండ్లయ్యె. దాని నాయన తలెత్తుకోకుండానే సచ్చిపాయె. ఒగ్గ మాట సెప్పుంటే సాలు గదే. దాన్ని సెమించేకి నా దగ్గర ఏమీ ల్యాదు."

మహాదేవి తల వంచుకొని కూచునింది. సంజాయిషీ చెప్పుకోలేదు. అదొక్కటి బాగా చేసింది.

భీమమ్మ చెంగుతో మొగం తుడుచుకొని సులోచనమ్మ వైపు తిరిగింది. "అమ్మా, మీరు సదివిన కతలు కడ సెప్పుకోరంట గదా. ఈ ఒగ్గదానికి కడ సెప్పండి. యాడ యాడ ఈ కత సెప్పినారో ఆడంతా. నా బిడ్డ పేరు పెట్టి సెప్పండి. ఈమె పేరు గూడా పెట్టి సెప్పండి. సెడ్డమాట నోటినోటికీ ఎట్ల పోయెనో, ఇదీ అట్లనే పోవాల."

సులోచనమ్మ తల ఊపింది. సాయిసుధ ఏడుస్తాంది.

ఆ మాట నిలబెట్టినారు. అందుకే ఈ పొద్దు నేను కూడా మీకు పేర్లు పెట్టి చెప్తాండాను. మిల్లులో ఆ వారంలోనే తెలిసింది. పక్కన కూచొని పత్తి ఏరే ఆడోళ్ళు జరిగి కూచున్నారు. దివ్య ఫోను చేసి "నిజమేనా అమ్మా?" అని అడిగి, నిజమే అంటే పెట్టేసింది. పెద్దకడుబూరు వైపు పల్లెలో ముసలోళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ చెవినా పడింది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు సాయంత్రం ఆరు గంటల ఎమ్మిగనూరు బస్సుకు అందరూ నడిచినారు. మహాదేవి పది అడుగుల వెనక నడిచింది. రావద్దని ఎవురూ అనల్యాదు, రమ్మనీ అనల్యాదు. బస్టాండులో సాయిసుధ ముసలామెను ఎక్కించి కిటికీ పక్క కూచోబెట్టి, టికెట్టుకు చిల్లర వెతుక్కుంటాంది. మహాదేవి కింద నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలీదు.

భీమమ్మ కిటికీ ఊచలు పట్టుకొని కిందికి చూసింది. ఇందాకటి కోపం లేదు గొంతులో. ఏదో భయపడతా అడిగినట్టు అడిగింది.

"మ్మే, మాదేవీ. పడినాంక... అరిసిందా? ఎవుర్నన్నా పిలిసిందా?"

చూడండి, ఇక్కడ ఒక అబద్ధం ఆడుండచ్చు. ఊపిరి అప్పుడే పోయింది పెద్దమ్మా, ఏం తెలిసిండదు దానికి, అంటే అయిపోయేది. ముసలి ప్రాణం ఆ రాత్రి నిద్రపోయేది. నేనైతే అదే అనేవాణ్ణి. నాలుగుసార్లు చెప్పినప్పుడు నాలుగుసార్లూ మహాదేవి దాటేసిన ముక్క ఇదే. ముప్పై నాలుగేండ్లలో తనకు తాను కూడా చెప్పుకోని ముక్క.

"పిలిసింది పెద్దమ్మా. రెండుసార్లు."

"నన్నా?"

"కాదు. నన్ను."

బస్సు స్టార్టయింది. కండక్టరు రైట్ రైట్ అని అరుస్తాండాడు. భీమమ్మ ఊచల మీద మొగం ఆనించింది.

"మరి నువ్వేం జేస్తివి?"

"నన్ను ఆట పట్టిస్తాందనుకుంటి. గట్టు ఎనకాల దాక్కొని నగుతా కూచుంటి."

బస్సు కదిలింది. మహాదేవి దాని పక్కనే నాలుగు అడుగులు నడిచింది. లోపల నుంచి ముసలామె ఏదో అడిగింది, ఇంజను చప్పుడులో మాట వినపడల్యాదు గానీ పెదాలు చూస్తే తెలిసింది. పలకల్యాదా?

"పలకల్యా" అనింది మహాదేవి.